కాలువ చివరి పొలము: ఎలినార్ ఆస్ట్రమ్

నంద్యాల సీమలోని బాలబాలికలకు కె.సి. కాలువ క్రొత్త కాదు. కర్నూలు–కడప కాలువకే ఆ పొట్టి పేరు. తుంగభద్రకు అడ్డముగా సుంకేసుల వద్ద కట్టిన ఆనకట్ట నుండి బయలుదేరి, నంద్యాల పరిసరములను తడుపుచు, ఆళ్లగడ్డ ప్రాంతపు పైరులకు ప్రాణము పోయుచు కడప వైపునకు సాగు ఈ కాలువను పందొమ్మిదవ శతాబ్దములో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించిరి. నీటిపన్నుతో పాటు పడవల రాకపోకల వలన కూడ లాభము గడింపవలెనని వారు తలచిరి. తలచిన లాభము రాలేదు. 1882లో ప్రభుత్వము కాలువను కొనివేసెను. కంపెనీ పోయినది, పడవలు పోయినవి. నీటిని గూర్చిన తగవు మాత్రము పోలేదు.

ఆ తగవు ఎట్టిదో కొంచెము విచారింతము. కాలువ మొదట పొలమున్న రైతు తూము ఎత్తిన చాలును, నీరు వచ్చును. చివర పొలమున్న రైతునకు పైవారు మిగిల్చినదే దిక్కు. పైవాడు ఒక తడికి బదులు రెండు తడులు పెట్టుకొన్నచో, ఆరుతడి పైరు వేయవలసిన చోట వరి నాటినచో, చివరివాని చేను పొట్టమీద ఎండిపోవును. పైవాడు దుర్మార్గుడా యనిన, కాదు. “నేను పెట్టుకొనకున్న ప్రక్కవాడు పెట్టుకొనును” అను భయమే అతనిచే ఆ పని చేయించును. ఆ భయము అందఱికిని కలదు. నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో మొదటి గంటలోనే బల్లపై తలవాల్చి నిద్రించు బాలురు కొందఱు ఉండిరి. రాత్రి తమ పొలమునకు నీటి వంతు వచ్చినదని, తండ్రితో కూడ గట్టున కాపలా యుంటిమని చెప్పెడివారు. వారిని దండించుటకు నాకెన్నడును చేయి రాలేదు.

కాలువ నీటి వంటి వస్తువులు లోకములో మఱికొన్ని కలవు. ఊరి చెఱువు, పశువులు మేయు బీడు, కట్టెలు తెచ్చుకొను అడవి, సముద్రములోని చేపలు, బావుల క్రింది భూగర్భజలము, ఇవన్నియు ఆ జాతికి చెందినవే. వీనికి రెండు లక్షణములు ఉన్నవి. ఇతరులను రానీయకుండ కంచె వేయుట కష్టము. ఒకడు తీసికొన్నంత మేరకు రెండవవానికి తగ్గిపోవును. గాలికి మొదటి లక్షణమే కలదు. మీ చేతిలోని రొట్టెకు రెండవది మాత్రమే కలదు. రెండును కలిసిన చోటనే చిక్కు పుట్టును. ఇట్టి వానిని ఉమ్మడి వనరులు అందురు.

1968లో గారెట్ హార్డిన్ అను అమెరికా దేశపు జీవశాస్త్రజ్ఞుడు ‘సైన్స్’ అను పత్రికలో ఈ చిక్కును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. అందఱికిని చెందిన పచ్చికబయలు ఒకటి యున్నదనుకొనుడు. ప్రతి కాపరియు తన మందకు మఱియొక పశువును చేర్చుకొనును. దాని లాభము అతనిదే. పచ్చిక తఱుగుట వలని నష్టము మాత్రము అందఱిపై పడును. కావున అందఱును పశువులను చేర్చుకొనుచునే పోవుదురు, చివరకు బయలు బీటలువారి అందఱును నష్టపోవుదురు. ఈ వాదము నాటి పండితుల మనస్సునకు బాగుగ నాటుకొనెను. దీనికి మందు రెండే విధములని వారు తీర్మానించిరి. ఉమ్మడి సొత్తును ప్రభుత్వము తన చేతిలోనికి తీసికొని కఠినముగా ఏలవలెను, లేదా ముక్కలుచేసి ఒక్కొక్క ముక్కను ఒక్కొక్కరి సొంతము చేయవలెను. ఊరివారు తమలో తాము కూడి నియమము చేసికొనగలరని తలచినవారు అరుదు.

అట్లు తలచుటయే కాక, ఊరూర సాక్ష్యము వెదకి చూపిన విదుషీమణి ఎలినార్ ఆస్ట్రమ్. ఆమె రాజకీయ అర్థశాస్త్రజ్ఞురాలు. ధనము ఎట్లు పుట్టును, ఎట్లు పంపిణీ యగును అని అర్థశాస్త్రము అడుగును; నియమములు ఎవరు చేయుదురు, ఎవరు నడపుదురు అని రాజనీతిశాస్త్రము అడుగును. ఈ రెండు ప్రశ్నలను విడదీయకుండ అడుగునదే రాజకీయ అర్థశాస్త్రము. కాలువ నీటి విషయములో వీనిని విడదీయుట ఎవరికిని సాధ్యము కాదు.

ఆమె 1933వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని లాస్ ఏంజెలస్ నగరమున జన్మించెను. అది ఆ దేశమును ఆర్థిక మాంద్యము పీడించుచున్న కాలము. తల్లి సంగీత విద్వాంసురాలు. తండ్రి రంగస్థల అలంకరణలు రూపొందించువాడు. వారు విడిపోగా బాలిక తల్లి యొద్ద పెరిగెను. పెరటిలో కూరగాయలు పండించుకొనుట, పండ్లను నిలువ చేసికొనుట ఆ యింటి అలవాటు. సంపన్నుల పిల్లలు చదువు బెవర్లీ హిల్స్ ఉన్నత పాఠశాలలో ఈ పేదపిల్ల చదివెను. అచ్చట చర్చాసంఘములో చేరి, ఏ విషయమునకైనను రెండు ప్రక్కలు ఉండునని నేర్చుకొనెను. ఆ యింట అంతకుముందు కళాశాలకు పోయినవారు లేరు. తల్లికిని ఆ అవసరము తోచలేదు. తోటివారందఱును పోవుచుండుటచే ఈమెయు కూలిపనులు చేసికొనుచు చదివి, 1954లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలస్ శాఖలో రాజనీతిశాస్త్రమున పట్టము పొందెను.

పట్టము చేతబట్టి ఉద్యోగమునకు పోగా ఆమెను అడిగిన ప్రశ్నలు రెండే: టైపు వచ్చునా? షార్ట్‌హ్యాండ్ వచ్చునా? ఆమె కోపగించుకొని ఊరకుండలేదు. ఉత్తరముల ద్వారా షార్ట్‌హ్యాండ్ నేర్చుకొనెను. పిమ్మట జనులతో మాటలాడి వారు చెప్పినది వ్రాసికొనవలసి వచ్చినప్పుడు ఆ విద్యయే ఆమెకు అక్కఱకు వచ్చెను.

తరువాత అర్థశాస్త్రములో పరిశోధన చేయగోరెను. గణితము చాలదని ఆ శాఖవారు నిరుత్సాహపరచిరి. గణితము ఏల చాలలేదో వినుడు. ఉన్నత పాఠశాలలో బీజగణిత, రేఖాగణితములందు మొదటి శ్రేణి మార్కులు రాని బాలికలను త్రికోణమితి చదువనీయలేదు. చదువనీయక, చదువలేదని తలుపు మూసిరి! ఈ మాట వ్రాయునప్పుడు, లెక్కల తరగతిలో వెనుక బల్లపై ఒదిగి కూర్చుండు మన బాలికలు నాకు గుర్తు వచ్చుచున్నారు. రాజనీతిశాస్త్ర శాఖ మాత్రము ఆమెను చేర్చుకొనెను. నలువదిమంది గల ఆ తరగతిలో స్త్రీలు నలుగురే.

ఆమె పరిశోధనకు ఎన్నుకొన్న విషయము నీరే. లాస్ ఏంజెలస్ సమీపమున వెస్ట్ బేసిన్ అను భూగర్భజల క్షేత్రము కలదు. పట్టణములు, నీటి కంపెనీలు, నూనె శుద్ధి కర్మాగారములు పోటీపడి బావుల నుండి నీరు తోడగా భూగర్భజలమట్టము దిగజారి, ప్రక్కనున్న పసిఫిక్ మహాసముద్రపు ఉప్పునీరు భూమిలోనుండి లోపలికి చొచ్చుకొని వచ్చుచుండెను. హార్డిన్ చెప్పబోవు కథకు ఇంతకంటె తగిన ఉదాహరణము ఉండదు. కాని జరిగినది వేఱు. నీరు తోడుకొనువారు సంఘముగా కూడిరి. ఎవరెంత తోడుచున్నారో కొలిపించి, ఆ లెక్క అందఱికిని తెలియునట్లు చేసిరి. న్యాయస్థానమునకు పోయిరి గాని, తగవు తెగువరకు పోరాడక, తోడు నీటిని అందఱును తగ్గించుకొందుమని రాజీ కుదుర్చుకొనిరి. తీరము వెంబడి భూమిలోనికి మంచినీరు ఎక్కించి ఉప్పునీటికి అడ్డుగోడ వలె నిలిపిరి. ఆస్ట్రమ్ వారి సభలకు పోయి, కాగితములు చదివి, ఈ వృత్తాంతమును 1965లో సిద్ధాంతవ్యాసముగా సమర్పించెను. హార్డిన్ వ్యాసము వెలువడుటకు అప్పటికి ఇంకను మూడేండ్లు ఉన్నది.

ఆ యేడే భర్త విన్సెంట్ ఆస్ట్రమ్‌కు ఇండియానా విశ్వవిద్యాలయములో ఉద్యోగము లభింపగా ఇరువురును బ్లూమింగ్టన్ పట్టణము చేరిరి. ఆయనయు పేరుగాంచిన రాజనీతిశాస్త్రజ్ఞుడే. భార్యకు మొదట దొరకిన పని, వారమునకు మూడు దినములు ఉదయము 7:30 గంటలకు పాఠము చెప్పుట. తక్కినవారు ఇష్టపడని వేళ అది. అచ్చటనే ఆమె క్రమముగా ఆచార్యపదవికి ఎదిగెను. 1973లో దంపతులు ఒక పరిశోధన సంస్థను స్థాపించి దానికి ‘వర్క్‌షాప్’ అని పేరు పెట్టిరి. వారికి వడ్రంగమునందు ప్రీతి. తమ యింటి సామాను కొంత తామే చేసికొనిరి. వడ్రంగి కొట్టులో గురువు ప్రక్కన నిలిచి శిష్యుడు పని నేర్చినట్లే విద్యార్థియు ఆచార్యుని ప్రక్కన నిలిచి పరిశోధన నేర్వవలెనని వారి తలంపు.

1990లో ఆమె ముఖ్యగ్రంథము ‘గవర్నింగ్ ది కామన్స్’ వెలువడెను. ఉమ్మడి వనరులను జనులు ఎట్లు పాలించుకొనుచున్నారో అది చెప్పును. పలు దేశముల నుండి పలువురు పండితులు సేకరించిన వృత్తాంతములను ఆమె ఒక్కచోట చేర్చి పోల్చి చూచెను. స్విట్జర్లండులో టోర్బెల్ అను కొండపల్లె కలదు. వేసవిలో ఆవులను కొండపైని ఉమ్మడి పచ్చికకు తోలుకొని పోవుదురు. ఒక్కొక్కరు ఎన్ని ఆవులను తోలవచ్చును? చలికాలములో తన సొంత గడ్డితో ఎన్నింటిని మేపగలడో అన్నింటినే. 1517 నాటి నియమమిది. లెక్క సులభము, మోసము కష్టము. స్పెయిను దేశపు వలెన్సియా నగరములో నీటి తగవులను తీర్చుటకు రైతులు ఎన్నుకొన్న పెద్దలు ప్రతి గురువారమును ప్రధాన దేవాలయపు ద్వారము కడ కూర్చుందురు. ప్లీడర్లు లేరు, వ్రాతకోతలు లేవు. నోటిమాటతో విచారణ జరిగి తీర్పు అచ్చటనే వెలువడును.

ఇక మన వృత్తాంతము. ఆస్ట్రమ్ తన గ్రంథములో ఉదాహరించిన పరిశోధనలలో రాబర్ట్ వేడ్ అను పండితుడు చేసినది యొకటి. ఆయన న్యూజీలాండ్ దేశమునకు చెందినవాడు. ఆయన చూచినది మన కర్నూలు జిల్లాను! నంద్యాల, ఆళ్లగడ్డ అప్పుడు ఆ జిల్లాలోనివే. నంద్యాల ప్రత్యేక జిల్లా యైనది 2022 ఏప్రిల్‌లో గదా. వేడ్ జిల్లాలోని సుమారు నలువది గ్రామములను పరిశీలించి, 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అను పుస్తకము వ్రాసెను. అందులో ముఖ్యముగా వర్ణించిన ఊరికి కొత్తపల్లె అని పేరు పెట్టెను. అది అసలు పేరు కాదు. ఊరివారికి చిక్కులు రాకుండుటకై మార్చిన పేరు.

ఆ ఊరిలో చట్టము ప్రకారము ఏర్పడిన పంచాయతీ కాక, రైతులు తమంత తాము ఏర్పఱచుకొన్న పెద్దల సభ యొకటి యుండెను. దానిని గూర్చి ఏ ప్రభుత్వ ఉత్తరువును లేదు. ఆ సభ పొలము కాపరులను నియమించెను. పశువులు చేలపై పడకుండ వారు కనిపెట్టి, పడిన పశువును పట్టి, యజమాని వద్ద జరిమానా రాబట్టుదురు. వరికి నీరు కొఱతపడు దినములలో ఆ సభయే నీరు పెట్టువారిని కూడ నియమించెను. వీరిని మన సీమలో నీరుగంట్లని పిలుతురు. నీరుగంట్లు దిగిన పిమ్మట ఏ రైతును తన మడికి తాను నీరు మళ్లించుకొనరాదు. ఏ మడి ఎంత ఎండినదో చూచి వారే పెట్టుదురు. పైయూరివారు నీటిని అడ్డగింపకుండ కాలువ వెంట పైకి నడిచి కాపు కాయుటయు వారి పనియే.

ఇందుకు పైకము ఎక్కడిది? కోతలైన తరువాత చేలలో మోడులు మిగులును. వానిని మేయుటకు గొఱ్ఱెల మందలు వచ్చును. రాత్రి నిలిచిన మడికి ఎరువు దక్కును. ఆ మేతకును, ఎరువునకును సంబంధించిన పైకములో కొంత ఊరి నిధికి చేరును. కాపరుల జీతములకు, ఊరి మేలునకు, నీటి కొఱకు కాలువ అధికారుల యొద్దకు తిరుగు ఖర్చులకు ఆ నిధియే ఆధారము. గొఱ్ఱెపెంటతో మొదలైన సొమ్ము నీటి కాపలాగా మారుట ఎంత చక్కని యుక్తి!

వేడ్ కనుగొన్న విశేషము ఇంకొకటి కలదు. ఇట్టి సభలు అన్ని గ్రామములలోను లేవు. కాలువ మొదట నీరు పుష్కలముగా పాఱు ఊళ్లలో అవి సాధారణముగా కనుపించలేదు. కాలువ చివర, నీరు సందేహమైన ఊళ్లలోనే కనుపించెను. ఇరుగుపొరుగు ఊళ్ల కులములు ఒకటే, అలవాట్లు ఒకటే, మనుష్యులును ఒకటే. ఒక ఊరివారు మంచివారు, ఇంకొక ఊరివారు చెడ్డవారు అని చెప్పుటకు వీలులేదు. కూడక పోయినచో పైరు దక్కదను భయము ఎక్కడ బలముగా నున్నదో అక్కడ కూడిరి. పైరు ఎట్లును పండు చోట కూడవలసిన శ్రమను ఎవరును పైన వేసికొనలేదు. ఒక మడినుండి ప్రక్క మడికి పోవుటకు పట్టునంత దూరములోనే భయము తగవుగాను, ఒప్పందముగాను కూడ మారగలదు.

ఇట్టి వృత్తాంతములను అన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి ఆస్ట్రమ్ ఏవి నిలిచినవి, ఏవి కూలినవి అని అడిగెను. నిలిచిన వానిలో ఎనిమిది సామాన్య లక్షణములను గుర్తించెను. అన్నిటిని ఇచ్చట ఏకరువు పెట్టను. వనరుపై హక్కు ఎవరెవరికి కలదో స్పష్టముగా నుండవలెను. నియమము ఆ ఊరి నేలకు, నీటికి తగినదై యుండవలెను. దానిని మార్చునప్పుడు వాడుకొనువారి మాట చెల్లవలెను. కావలివాడు ఊరికి జవాబుదారియై యుండవలెను. నాకు మిక్కిలి నచ్చినది శిక్షను గూర్చిన లక్షణము. మొదటి తప్పునకు కొద్దిపాటి జరిమానా, మరల చేసినచో ఎక్కువ, మానకున్నచో ఇంకను ఎక్కువ. ఎండిపోవు పైరును చూడలేక ఒక రాత్రి తూము ఎత్తినవానిని దొంగ యని వెలివేసినచో అతడు నిజముగనే నియమమునకు శత్రువగును. చిన్న జరిమానాతో విడిచినచో, తన తప్పు పదిమందికి తెలిసినదని సిగ్గుపడి దారికి వచ్చును. తరగతి గదిలో నలువది మందిని ఏలిన ఏ ఉపాధ్యాయుడైనను దీనిని ఒప్పుకొనును.

ఆమె ఊరివారికి సర్వమును సాధ్యమని చెప్పలేదు. కూలిపోయిన ఒప్పందములును ఆ గ్రంథములో ఉన్నవి. ప్రభుత్వము వలదనియు ఆమె అనలేదు. ఊరు చేసికొన్న నియమమును ప్రభుత్వము త్రోసిపుచ్చరాదని మాత్రమే కోరెను.

తరువాత నేపాళమునందు ఆమెయు సహచరులును రెండువందలకు పైగా నీటిపారుదల వ్యవస్థలను పోల్చి చూచిరి. కొన్ని రైతులు తాము కట్టుకొన్నవి. రాయి, మన్ను, కంపతో వేసిన అడ్డుకట్టలు. కొన్ని ప్రభుత్వశాఖ ఆధీనములోనివి; సిమెంటుతో కట్టినవి పెక్కు. చూపునకు రెండవవే మేలు. నీరు చివరి పొలమునకు చేరుటలో మాత్రము రైతుల వ్యవస్థలే తఱచుగా మెఱుగని తేలెను. కారణము విచిత్రమైనది. మంటికట్ట వరదకు కొట్టుకొని పోవుచుండును. దానిని మరల వేయుటకు చివరి రైతుల రెక్కలు కూడ పైరైతునకు కావలెను. పని కావలసినప్పుడు నీరును ఇయ్యవలసి వచ్చును. సిమెంటు కట్ట వచ్చిన తరువాత చివరివాని సాయముతో పైవానికి అవసరము తీరిపోయెను. వానితో మాటయు తగ్గెను. కట్ట బలపడినది గాని ఒప్పందము బలహీనమైనది.

మన రాష్ట్రములో 1997లో రైతుల నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టము వచ్చెను. దాని క్రింద ఆ యేడే పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిగినవి. కాలువల బాగోగులలో రైతునకు చట్టరీత్యా చోటు కల్పించుట పెద్ద అడుగే. కాని కొత్తపల్లె సభ అవసరము వలన ఊరిలో పుట్టినది. ఈ సంఘములు రాజధాని నుండి ఒక్కమాఱుగా, అన్ని ఊళ్లకును ఒకే అచ్చులో పోసి పంపబడినవి. నీరు నిండుగా నున్న ఊరికిని అదే నియమము, కాలువ చివరి ఊరికిని అదే నియమము. ఎన్నిక జరిగిన మాత్రమున నీటి వంతు కుదురునా, నీరుగంటికి జీతమెవరిత్తురు, పైయూరికి పోయి అడుగువారెవరు అను ప్రశ్నలకు జవాబు ప్రతి ఊరును తానే వెదకుకొనవలసి యుండెను.

అర్థశాస్త్రమున నోబెల్ స్మారక బహుమానమును 1969 నుండి ఇచ్చుచున్నారు. నలువది యేండ్లు ఒక్క స్త్రీకిని అది రాలేదు. 2009 అక్టోబరులో ఎలినార్ ఆస్ట్రమ్‌కును, ఆలివర్ విలియమ్సన్‌కును కలిపి ప్రకటించిరి. త్రికోణమితి చదువలేదని అర్థశాస్త్ర శాఖ కాదన్న విద్యార్థినికే అర్థశాస్త్రపు అత్యున్నత గౌరవము! పెక్కుమంది అర్థశాస్త్రజ్ఞులు అంతవరకు ఆమె పేరైనను విని యుండలేదట. తన వంతు సొమ్మును ఆమె విశ్వవిద్యాలయములోని వర్క్‌షాప్ పనికి ఇచ్చివేసెను. తరువాత 2019లో ఎస్తేర్ డఫ్లో, 2023లో క్లాడియా గోల్డిన్ అను స్త్రీలకు ఆ బహుమానము లభించినది.

2011 జనవరిలో ఉమ్మడి వనరులను గూర్చిన అంతర్జాతీయ మహాసభ హైదరాబాదున జరుగగా, డెబ్బది యేడేండ్ల వయస్సులో ఆమె వచ్చి ప్రసంగించెను. మఱుసటి యేడు జూన్ 12వ తేదీన బ్లూమింగ్టన్ నగరములో మరణించెను. అదే నెల 29వ తేదీన విన్సెంట్ ఆస్ట్రమ్ కూడ గతించెను. వారు నెలకొల్పిన వర్క్‌షాప్ నేడు వారిరువురి యింటిపేరుతోనే పిలువబడుచు పనిచేయుచున్నది.